6.2 లీటర్ ఇంజన్ దారిలో ఆగిపోతే: ఎస్కలేడ్, యూకాన్ ఉన్న అమెరికా తెలుగువారికి ఫిర్యాదు మార్గదర్శి

2025 జనవరి 16న అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ, అంటే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ, జనరల్ మోటార్స్ వారి 6.2 లీటర్ వీ8 ఇంజన్ పాడై బండ్లు దారిలో ఆగిపోతున్నాయన్న ఫిర్యాదుల మీద ప్రాథమిక విచారణ మొదలుపెట్టింది. కంపెనీలు ఎప్పటికప్పుడు పంపే ముందస్తు హెచ్చరిక నివేదికలను పక్కన పెడితే, ఆ రోజుకి యజమానుల నుంచి ఆ సంస్థకు నేరుగా అందిన ఫిర్యాదులు 39 మాత్రమే. మూడు నెలల తరువాత ఏప్రిల్‌లో రీకాల్ ప్రకటిస్తూ కంపెనీ ప్రభుత్వానికి సమర్పించిన పత్రంలో తన సొంత లెక్క బయటపెట్టింది. ఈ లోపానికి సంబంధించి ఉండవచ్చనిపించే ఫిర్యాదులు, సంఘటనలు ఒక్క అమెరికాలోనే 28,102 ఉన్నాయని, వాటిలో 14,332 కేసుల్లో బండి ముందుకు లాగే శక్తిని కోల్పోయిందని యజమానులు చెప్పారని అందులో ఉంది. అంతకుముందు 2022 ఫిబ్రవరిలో, 2023 జూన్‌లో, 2024 జులైలో కంపెనీ లోపల జరిగిన పరిశీలనలు మూడూ లోపమేమీ తేలలేదని ముగిసిపోయాయి.

39కి, 28,102కి మధ్య ఉన్న దూరాన్ని చూసిన తరువాతే ఈ వ్యాసం రాయాలనిపించింది. డీలర్ కౌంటర్ దగ్గర చెప్పుకున్న బాధ కంపెనీ దస్త్రాల్లోకి వెళ్తుంది. ప్రభుత్వానికి రాసిన బాధ ప్రజల రికార్డులోకి చేరుతుంది. మనవాళ్ళలో చాలామంది మొదటి పని చేసి అక్కడితో ఆగిపోతారు, లేదా వాట్సాప్ గ్రూపులో చెప్పుకుని ఊరుకుంటారు. సొంత ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు అందరం ఒకే బండిలో వెళ్ళాలని, మూడు వరుసల సీట్లు కావాలని, ఎనభై వేల డాలర్ల నుంచి లక్ష దాకా, ఇంకా పైకి కూడా ఖర్చు పెట్టి కొనుక్కున్న వాహనం ఇది. అది హైవే మధ్యలో ఆగిపోయినప్పుడు ఏ పని ముందు చేయాలో, ఏది తరువాతో, ఏ మాట ఎక్కడ రాయించాలో తెలిసి ఉండాలి.

ఇంజన్ లోపల జరిగేది

ఎల్87 అనే సంకేతంతో పిలిచే ఈ ఇంజన్ 420 హార్స్‌పవర్ ఇస్తుంది. పిస్టన్ల పైకీ కిందకీ కదలికను క్రాంక్‌షాఫ్ట్ గుండ్రటి తిప్పుడుగా మారుస్తుంది. పిస్టన్‌కీ క్రాంక్‌షాఫ్ట్‌కీ మధ్య కనెక్టింగ్ రాడ్ ఉంటుంది. రాడ్ క్రాంక్‌షాఫ్ట్‌ను పట్టుకునే చోట పలుచని బేరింగు ఉంటుంది. అక్కడ లోహం లోహాన్ని తాకకూడదు. వెంట్రుక మందం కూడా లేని సందులో ఒత్తిడితో ప్రవహించే ఆయిల్ పొర మీదే మొత్తం బరువు తేలుతూ ఉండాలి.

సరఫరాదారుల దగ్గర జరిగిన రెండు రకాల తయారీ తప్పులను కంపెనీ గుర్తించింది. కనెక్టింగ్ రాడ్లలో, క్రాంక్‌షాఫ్ట్‌లోని ఆయిల్ మార్గాల్లో చెత్త మిగిలిపోవడం మొదటిది. కొలతలు గాని, ఉపరితలపు నునుపు గాని నిర్ణీత ప్రమాణానికి సరిపోని క్రాంక్‌షాఫ్టులు బిగించడం రెండోది. ఏది జరిగినా ఆయిల్ పొర తెగుతుంది, బేరింగు వేడెక్కి అరుగుతుంది, సందు పెరుగుతుంది, అప్పుడు కింది నుంచి బరువైన ‘టక్ టక్’ చప్పుడు మొదలవుతుంది. మన ఊళ్ళ మెకానిక్కులు ‘ఇంజన్ పట్టేసింది’ అనే స్థితి దాని తరువాతి మెట్టు. అంతకంటే ఘోరంగా, విరిగిన రాడ్ ఇంజన్ బ్లాకును చీల్చుకుని బయటికి రావచ్చు. అప్పుడు వేడి ఆయిల్ బయటికి చిమ్ముతుంది.

ఇదే ఇంజన్‌లో లిఫ్టర్లు పాడవడం అనే వేరే సమస్య కూడా ఉంది. లిఫ్టర్లు వాల్వులను పైకెత్తే భాగాలు. తక్కువ బరువు మీద కొన్ని సిలిండర్లను నిలిపివేసి పెట్రోలు ఆదా చేసే ఏర్పాటు వీటితోనే ముడిపడి ఉంటుంది. లిఫ్టరు చప్పుడు పైనుంచి, సన్నగా, గడియారం కొట్టుకున్నట్టు వినిపిస్తుంది. ఈ రీకాల్ లిఫ్టర్లకు వర్తించదు. అందుకే సర్వీసు కాగితంలో ‘ఇంజన్ శబ్దం’ అని మాత్రమే రాసి వదిలేస్తే, రేపు ఆ కాగితం ఏ సమస్యకు సాక్ష్యమో ఎవరూ చెప్పలేరు.

మొదటి అడుగు: మీ బండి లెక్కలోకి వస్తుందో లేదో తేల్చుకోవడం

డ్రైవరు వైపు ముందు అద్దం కింద కనిపించే 17 అక్షరాల విన్ నంబరును, అంటే వాహన గుర్తింపు సంఖ్యను చూడండి. ఎనిమిదో స్థానంలో ‘ఎల్’ ఉంటే మీది 6.2 లీటర్ ఎల్87 ఇంజన్. అక్కడ ‘డి’ ఉంటే 5.3 లీటర్లది, ‘టి’ ఉంటే డీజిలు ఇంజన్. పదో స్థానం మోడల్ సంవత్సరాన్ని చెబుతుంది. 2021కి ‘ఎమ్’, 2022కి ‘ఎన్’, 2023కి ‘పి’, 2024కి ‘ఆర్’. పదకొండో స్థానంలో కూడా ‘ఆర్’ కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. అది డాలస్ పక్కనున్న ఆర్లింగ్టన్ కర్మాగారం గుర్తు. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ ప్రాంతాల్లోని మనవాళ్ళ ఇళ్ళ ముందు నిలిచే ఎస్కలేడ్లు, యూకాన్లు ఆ ఇళ్ళకు గంట దూరంలోపే తయారవుతున్నాయి.

రీకాల్ అధికారిక సంఖ్య 25వీ274. 2021 నుంచి 2024 మోడళ్ళ క్యాడిలాక్ ఎస్కలేడ్, ఎస్కలేడ్ ఈఎస్‌వీ, జీఎంసీ యూకాన్, యూకాన్ ఎక్స్ఎల్, షెవర్లే టాహో, సబర్బన్ ఎస్‌యూవీలు, సిల్వరాడో 1500, సియెరా 1500 పికప్‌లు కలిపి అమెరికాలో 5,97,630 వాహనాలు దీని కిందకు వచ్చాయి. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో విన్ కొడితే ఆ బండి మీద పెండింగులో ఉన్న రీకాళ్ళన్నీ కనిపిస్తాయి. ఫలితం వచ్చిన పేజీని తేదీ కనిపించేలా పీడీఎఫ్‌గా దాచుకోండి. మరమ్మతు పూర్తయ్యాక ఆ రీకాల్ జాబితాలోంచి తొలగిపోతుంది కాబట్టి, ముందు ఏముందో చూపించే కాగితం మీ దగ్గర ఉండాలి.

మీ బండి రీకాల్‌లో లేదని వస్తే ఫిర్యాదుకు అర్హత లేదని అనుకోకండి. 2025 జనవరి నాటి తొలి విచారణ పరిధిలో 2019, 2020 మోడళ్ళ పికప్‌లు కూడా ఉన్నాయి, కానీ రీకాల్ 2021 మోడల్ నుంచే మొదలైంది. రీకాల్ గీత బయట ఉండిపోయిన బండ్లలో ఇంజన్లు పోతుంటే ఆ సంగతి ప్రభుత్వానికి తెలిసే దారి యజమాని ఫిర్యాదే. నా ఉద్దేశంలో ఆ యజమానుల ఫిర్యాదు అందరికంటే విలువైనది.

రెండో అడుగు: ఆగిపోయిన ఆ పది నిమిషాలు

శక్తి తగ్గుతున్నట్టు అనిపించిన వెంటనే హజార్డ్ లైట్లు వేసి, ఉన్న వేగంతోనే కుడివైపు షోల్డరు మీదికి చేరండి. ఇంజన్ ఆగాక స్టీరింగు, బ్రేకులు గట్టిపడవచ్చు, కాబట్టి బలంగా, స్థిరంగా నొక్కాలి. బండి ఆగాక పిల్లలను, పెద్దవాళ్ళను ట్రాఫిక్ లేని వైపు నుంచి దించి, రెయిలింగు అవతలికి పంపండి.

తిరిగి స్టార్ట్ చేసి చూడాలన్న ఆత్రం సహజమే, కానీ చేయకండి. పట్టేసిన ఇంజన్‌ను బలవంతంగా తిప్పితే నష్టం పెరుగుతుంది. పైగా ‘యజమాని హెచ్చరిక వచ్చాక కూడా నడిపాడు’ అనే వాదనకు మీరే అవకాశం ఇచ్చినట్టవుతుంది. దానికి బదులు ఫోన్ తీసి, డాష్‌బోర్డు మీద వెలిగిన ప్రతి హెచ్చరికను, మైళ్ళ సంఖ్యను, ఆయిల్ ప్రెషర్ సూచిని, నేల మీద ఆయిల్ కారి ఉంటే దానిని వీడియో తీయండి. ఇంజన్ ఇంకా తిరుగుతూ చప్పుడు చేస్తుంటే పది సెకన్లు రికార్డు చేసి ఆపేయండి. టో ట్రక్కు రసీదు, బండిలోనే ఉండే కంపెనీ సహాయ సేవ ఆన్‌స్టార్‌కు చేసిన కాల్ సమయం కూడా భద్రపరచండి. మంటలు గాని, దట్టమైన పొగ గాని కనిపిస్తే ఇవేవీ అక్కరలేదు. దూరంగా వెళ్ళి 911కు ఫోన్ చేయండి. మామూలు యాంత్రిక లోపానికి బీమా డబ్బు ఇవ్వదు గాని, అగ్నిప్రమాదాన్ని కాంప్రహెన్సివ్ బీమా సాధారణంగా భరిస్తుంది.

మూడో అడుగు: కాగితాలు

ఇంజన్ కేసులో కంపెనీ మొదట అడిగేది ఆయిల్ మార్పిడుల లెక్క. డీలరు దగ్గరే మార్పించి ఉంటే వారి కంప్యూటరులో రికార్డు ఉంటుంది. ఇంటి దగ్గరో, బయటి గరాజులోనో మార్పించినంత మాత్రాన వారంటీ పోదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, బయట చేయించిన సర్వీసు వల్లనే లోపం వచ్చిందని చూపకుండా ఆ ఒక్క కారణంతో వారంటీ నిరాకరించడానికి వీల్లేదు. అయితే సర్వీసు చేయించారని చూపించే కాగితం మీ దగ్గర ఉండాలి. ఆయిల్ కొన్న రసీదు, ఫిల్టరు రసీదు, ఆ రోజు ఓడోమీటర్ ఫోటో, ఈ మూడూ ఒక్కో మార్పిడికి కలిపి పెట్టండి. ఈ ఇంజన్‌కు దాదాపు 8 క్వార్టులు పడుతుంది. రసీదులో 5 క్వార్టులే కనిపిస్తే మిగతావి ఎక్కడివని అడుగుతారు. ఆయిల్ గ్రేడు, అంటే చిక్కదనాన్ని చెప్పే సంకేతం కూడా స్పష్టంగా కనిపించాలి. రీకాల్‌కు ముందు 0డబ్ల్యూ-20, రీకాల్ పరీక్షలో నెగ్గిన ఇంజన్లకు ఆ తరువాత 0డబ్ల్యూ-40.

పాత రసీదులు దొరకకపోతే నిరాశపడకండి. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లలో దుకాణం పేరు, తేదీ ఉంటాయి. ఆన్‌స్టార్ నెలనెలా ఈమెయిలుగా పంపిన డయాగ్నస్టిక్ నివేదికల్లో ఆయిల్ లైఫ్ శాతం ఉంటుంది. ఆ శాతం 10కి దిగి మళ్ళీ 100కి చేరిన తేదీలు వరుసగా చూపిస్తే సర్వీసు సకాలంలో జరిగిందనడానికి అది గట్టి ఆధారమే. ఈ నివేదికలను ఎవరూ పట్టించుకోరు, మెయిల్ డబ్బాలో ఏ మూలో పడి ఉంటాయి. వెదికి తీయండి.

చప్పుడు మొదలై ఇంకా ఆగిపోని బండి అయితే, తరువాతి ఆయిల్ మార్పిడిలో చిన్న సీసాడు పాత ఆయిలును స్వతంత్ర పరీక్షశాలకు పంపించడం మంచిది. అందులోని లోహపు రేణువుల మోతాదు బేరింగు అరుగుదలను ముందే చెప్పగలదు. పాత ఫిల్టరును కోయించి, మడతల్లో మెరిసే లోహపు పొడి ఉందేమో చూపించమనండి. ఈ ఫలితంతో ఇంజన్ తప్పకుండా మార్చేస్తారని భరోసా లేదు, కానీ మీ ఫిర్యాదు ఊహ కాదని చెప్పడానికి ఒక సంఖ్య చేతిలో ఉంటుంది.

నాలుగో అడుగు: డీలరు దగ్గర రిపేర్ ఆర్డరు

ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ మంది నష్టపోయేది ఇక్కడే. సర్వీసు అడ్వైజర్ మీ మాట విని, రిపేర్ ఆర్డరు అనే సర్వీసు కాగితంలో తన మాటల్లో ఒక వాక్యం టైపు చేస్తాడు. మీరు ‘నలభై నిమిషాలు నడిపాక 70 మైళ్ళ వేగంలో శక్తి పోయింది, షోల్డరు మీద ఆగిపోయాను’ అని చెబితే, కాగితంలో ‘శబ్దం వస్తోందని కస్టమర్ చెప్పారు’ అని మాత్రమే పడవచ్చు. అప్పుడు భద్రతకు సంబంధించిన సంఘటన కాస్తా మామూలు అసౌకర్యంగా నమోదవుతుంది. సంతకం పెట్టే ముందు చదవండి. వేగం, రహదారి, శక్తి కోల్పోవడం, మైళ్ళ సంఖ్య, ఈ నాలుగూ లేకపోతే చేర్చమని అడగండి. ఒప్పుకోకపోతే అదే రోజు అవే వివరాలతో డీలరుకు ఈమెయిల్ పంపండి. మర్యాదగా, కోపం లేకుండా, రెండు పేరాల్లో రాస్తే చాలు.

రీకాల్ కింద డీలరు చేసే పని రెండు దారుల్లో ఒకటి. ముందు ఇంజన్‌ను పరీక్షిస్తారు. పరీక్షలో తప్పితే ఇంజన్‌ను బాగుచేయడమో, మార్చడమో ఉచితంగా చేయాలి. నెగ్గితే చిక్కటి 0డబ్ల్యూ-40 ఆయిల్ పోసి, ఆయిల్ ఫిల్టరు, ఆయిల్ పోసే చోట మూత మార్చి, యజమాని చేతిపుస్తకంలో పెట్టుకోవడానికి అదనపు కాగితం ఇస్తారు. నెగ్గిన ఇంజన్లకు ఈ లోపం మీద 10 సంవత్సరాలు లేదా 1,50,000 మైళ్ళ వరకు ప్రత్యేక రక్షణ కల్పిస్తామని కంపెనీ ప్రకటించింది.

ఇక్కడ నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. చిక్కటి ఆయిల్ మందమైన పొరను ఇస్తుంది, అందులో సందేహం లేదు. కానీ అప్పటికే గీతలు పడిన క్రాంక్‌షాఫ్టును ఏ ఆయిలూ నునుపు చేయలేదు. పరీక్ష ఆ రోజు ఇంజన్ ఎలా ఉందో చెబుతుంది, రెండేళ్ళ తరువాత ఎలా ఉంటుందో చెప్పదు. అందుకని ‘నెగ్గింది’ అన్న మాటతో ఇంటికి రాకండి. పరీక్ష ఫలితాన్ని, వేసిన ఆయిల్ గ్రేడును, ప్రత్యేక రక్షణ వర్తిస్తుందన్న విషయాన్ని రిపేర్ ఆర్డరులో రాయించుకోండి. ఆ తరువాత చప్పుడు వినిపించిన ప్రతిసారీ కొత్త రిపేర్ ఆర్డరు తెరిపించండి. ‘ఏమీ కనిపించలేదు’ అని రాసిచ్చినా సరే, ఆ కాగితం పనికొస్తుంది, ఎందుకంటే లెమన్ చట్టాలు, అంటే పదేపదే బాగుచేసినా లోపం తీరని బండి కొన్నవారిని కాపాడే రాష్ట్ర చట్టాలు, ముఖ్యంగా లెక్కించేది మీరు ఎన్నిసార్లు బండిని తీసుకెళ్ళారన్నది.

ఇంజన్ మార్చే సందర్భంలో పాత ఇంజన్ సాధారణంగా కంపెనీకే తిరిగి వెళ్తుంది, మీ చేతికి రాదు. కాబట్టి విప్పినప్పుడు తీసిన ఫోటోలు, కొట్టిన ఫాల్ట్ కోడ్ల ప్రతి ఇవ్వమని ముందే రాతపూర్వకంగా అడగండి. ఇంజన్ రావడానికి వారాలు పట్టవచ్చు. ఆ కాలానికి బదులు వాహనం ఇస్తారా, ఏ తరగతిది ఇస్తారు అన్నది మొదటి రోజే అడగండి. బండి నిలిచిపోయినా లోను వాయిదాలు గాని, లీజు చెల్లింపులు గాని ఆపకండి. ఆపితే దెబ్బ తినేది మీ క్రెడిట్ స్కోరు, కంపెనీ కాదు. లీజు బండి అయితే లీజు సంస్థకు కూడా ఒక ఉత్తరం రాయాలి, ఎందుకంటే కాగితం మీద యజమాని వాళ్ళు.

అయిదో అడుగు: ప్రభుత్వానికి ఫిర్యాదు

ఈ పనికి పావుగంట చాలు, రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో భద్రతా సమస్యను నివేదించే భాగంలోకి వెళ్ళి విన్ నంబరు ఇవ్వాలి, సంఘటన జరిగిన తేదీ, మైళ్ళు, వేగం, పాడైన భాగం నింపాలి, ఆ పైన మీ మాటల్లో వివరణ రాయాలి. ఫోన్ ద్వారా చెప్పుకోవాలంటే 888-327-4236కు కాల్ చేయవచ్చు. మీ పేరు, చిరునామా బయటికి రావు. వివరణ మాత్రం అందరూ చదవగలిగేలా ఉంటుంది. వీసా మీద ఉన్నవాళ్ళు కొందరు ప్రభుత్వానికి ఫిర్యాదు అనగానే వెనకాడతారు. ఈ ఫారంలో మీ వలస హోదా గురించి ఒక్క ప్రశ్న కూడా ఉండదు.

వివరణలో ఏం రాయాలన్నది ముఖ్యం. ‘లక్ష డాలర్లు పోసి కొన్న బండి దగా చేసింది, డీలరు పట్టించుకోవడం లేదు’ అని రాస్తే ఆవేదన తెలుస్తుంది గాని, దర్యాప్తు చేసే ఇంజనీరుకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఆ ఇంజనీరు వెతికేది ఒకే రకంగా తిరిగి తిరిగి కనిపించే నమూనా కోసం. కాబట్టి ఈ ధోరణిలో రాయండి: ‘2023 మోడల్ యూకాన్, 6.2 లీటర్ ఇంజన్, 31,400 మైళ్ళు. అంతర్రాష్ట్ర రహదారి మీద 70 మైళ్ళ వేగంతో మధ్య లేనులో వెళ్తుండగా ముందస్తు హెచ్చరిక లేకుండా కింది నుంచి బరువైన చప్పుడు వచ్చింది. అయిదు సెకన్లలో శక్తి పూర్తిగా పోయింది. వెనక వచ్చే ట్రక్కు పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది. బండిలో ఆరుగురం ఉన్నాం. డీలరు కనెక్టింగ్ రాడ్ బేరింగు పోయిందని నిర్ధారించారు. అంతకు రెండు నెలల ముందు రీకాల్ పరీక్షలో ఇంజన్ నెగ్గింది.’ ఇది కేవలం మచ్చుకు రాసినది, మీ అసలు వివరాలే పెట్టాలి. ఒక్క అంకె కూడా పెంచి రాయకండి. ఆ విన్ మీద కంపెనీ దగ్గరున్న రికార్డుతో పోల్చినప్పుడు తేడా వస్తే ఫిర్యాదు మొత్తం నమ్మకం కోల్పోతుంది.

రీకాల్ పని చేయించుకున్నాక కూడా ఇంజన్ పోయినవాళ్ళు ఆ చివరి వాక్యాన్ని తప్పనిసరిగా రాయాలి. కంపెనీ ఇచ్చిన పరిష్కారం చాలడం లేదని తేలితే దానిని తిరిగి పరిశీలించే అధికారం ఆ సంస్థకు ఉంది. ఆ సంగతి తేలేది ఇలాంటి వాక్యాల ద్వారానే.

ఫిర్యాదు నమోదైన తరువాత వచ్చే సంఖ్యను రాసి పెట్టుకోండి. మీ ఒక్క బండిని బాగుచేయించడం ఆ సంస్థ పని కాదన్నది కూడా గుర్తుంచుకోండి. మీ డబ్బు, మీ ఇంజన్ కోసం తరువాతి మెట్లు విడిగా ఎక్కాలి.

ఆరో అడుగు: కంపెనీ, ఆపై మధ్యవర్తి

డీలరు వేరు, తయారీ కంపెనీ వేరు. డీలరు చేతులెత్తేస్తే కంపెనీ వినియోగదారుల సహాయ విభాగానికి ఫోన్ చేసి కేసు సంఖ్య తీసుకోండి. ఆ తరువాత ప్రతి సంభాషణ తేదీ, మాట్లాడినవారి పేరు, ఇచ్చిన హామీ ఒక పుస్తకంలో రాయండి. హామీ ఫోనులో వస్తే, ‘మీరు ఇలా చెప్పారని నాకు అర్థమైంది’ అని అదే రోజు మెయిల్ చేయండి.

రీకాల్ వర్తించకపోయినా ఇంజన్, గేర్‌బాక్సు లాంటి భాగాలకు ఇచ్చే పవర్‌ట్రెయిన్ వారంటీ ఉండవచ్చు. షెవర్లే, జీఎంసీలకు అది 5 సంవత్సరాలు లేదా 60,000 మైళ్ళు, క్యాడిలాక్‌కు 6 సంవత్సరాలు లేదా 70,000 మైళ్ళు, ఏది ముందైతే అది. ఆ గడువు కాస్త దాటిన కేసుల్లో సౌజన్యంగా కొంత భరించమని అడగవచ్చు. అది హక్కు కాదు గాని, అడగనివారికి అసలే రాదు. అక్కడా పని కాకపోతే బీబీబీ ఆటో లైన్ అనే ఉచిత మధ్యవర్తిత్వం ఉంది. అందులో వచ్చిన తీర్పును మీరు ఒప్పుకుంటే కంపెనీ కట్టుబడాలి, మీకు నచ్చకపోతే కోర్టుకు వెళ్ళే దారి తెరిచే ఉంటుంది.

ఏడో అడుగు: లెమన్ చట్టం గడువులు

ఇది రాష్ట్రానికో రకంగా ఉంటుంది. గడువుల విషయంలో మనవాళ్ళు ఎక్కువగా పొరపాటు పడతారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

టెక్సస్‌లో ఫిర్యాదును రాష్ట్ర మోటారు వాహనాల శాఖకు 35 డాలర్ల రుసుముతో ఇవ్వాలి. మొదటి 24 నెలలు లేదా 24,000 మైళ్ళలోపు ఒకే లోపానికి నాలుగుసార్లు, తీవ్రమైన భద్రతా ప్రమాదమైతే రెండుసార్లు బండిని మరమ్మతుకు తీసుకెళ్ళి ఉండాలి, లేదా ఆ కాలంలో మొత్తం 30 రోజులు బండి మరమ్మతులోనే ఉండి ఉండాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. డీలరు మీకు సరితూగే బదులు వాహనం ఇచ్చిన రోజులు ఆ 30 రోజుల లెక్కలోకి రావు. బదులు బండి వద్దనమని నేను చెప్పను, ఇంట్లో పిల్లలను బడికి దించాలి కదా. కానీ లెక్క తెలిసి తీసుకోండి. కంపెనీకి లిఖితపూర్వక నోటీసు ఇచ్చి, బాగుచేసుకునే అవకాశం కూడా ఇవ్వాలి. వారంటీ గడువు, 24 నెలలు, 24,000 మైళ్ళు, ఈ మూడింటిలో ఏది ముందు పూర్తయితే అక్కడి నుంచి ఆరు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. 2021, 2022 మోడళ్ళ యజమానులకు ఈ తలుపు చాలావరకు మూసుకుపోయింది. అయితే తయారీదారు వారంటీ ఇంకా ఉంటే, బండిని బాగుచేయించమని కోరే వారంటీ ఫిర్యాదును అదే శాఖకు ఇవ్వవచ్చు. సెకండ్‌హ్యాండ్‌గా కొన్నవారికి ఇది ముఖ్యంగా ఉపయోగపడుతుంది.

న్యూజెర్సీలో రెండేళ్ళు లేదా 24,000 మైళ్ళలోపు మూడు ప్రయత్నాలు, లేదా మొత్తం 20 రోజులు మరమ్మతులో ఉండటం లెక్క. ప్రాణహాని కలిగించగల లోపమైతే ఒక్క ప్రయత్నం చాలు. ఎడిసన్ చుట్టుపక్కల ఉన్నవారు ఈ చివరి మాటను ప్రత్యేకంగా గమనించాలి, ఎందుకంటే హైవే మీద శక్తి పోవడం అలాంటి లోపమేనని వాదించడానికి గట్టి ఆధారం ఉంటుంది.

కాలిఫోర్నియాలో చట్టం యజమానికి ఎక్కువ అనుకూలం, కానీ 2025 నుంచి నియమాలు మారాయి. కొత్త పద్ధతికి లోబడతామని ఎంచుకున్న కంపెనీల్లో జనరల్ మోటార్స్ ఒకటి. దాని ప్రకారం వారంటీ ముగిసిన ఏడాదిలోపు, ఎంత ఆలస్యమైనా బండి మొదట చేతికొచ్చిన ఆరేళ్ళలోపు దావా వేయాలి. అదనపు జరిమానా కోరాలనుకుంటే 30 రోజుల ముందు కంపెనీకి రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, ఆ 30 రోజులూ బండిని మీ దగ్గరే ఉంచుకోవాలి. కోపంతో నోటీసు పంపిన మర్నాడే బండిని అమ్మేస్తే ఆ హక్కు చేజారుతుంది. ఇంకొకటి, కంపెనీ వారంటీ మిగిలి ఉన్నంత మాత్రాన సెకండ్‌హ్యాండ్ బండి ఆ చట్టంలోని ‘కొత్త వాహనం’ కిందకు రాదని 2024 అక్టోబరులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

లెమన్ గడువు దాటినవారికి మాగ్నసన్-మాస్ చట్టం మిగులుతుంది. గెలిస్తే కంపెనీయే వకీలు రుసుము చెల్లించేలా కోర్టు ఆదేశించగలదు కాబట్టి, చాలామంది వకీళ్ళు ముందుగా డబ్బు అడగకుండా ఈ కేసులు తీసుకుంటారు. ఈ ఇంజన్ మీద 2025లో సామూహిక దావాలు కూడా నమోదయ్యాయి. వాటి మీద ఆశ పెట్టుకుని సొంత గడువులు పోగొట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. సామూహిక దావాలు ఏళ్ళు పడతాయి, పరిహారం కూడా ఒక్కొక్కరికి పలుచగానే వస్తుంది.

సొంత డబ్బుతో బాగుచేయించుకుని ఉంటే

రీకాల్‌కు ముందే ఇదే లోపానికి జేబులోంచి ఖర్చు పెట్టినవారికి ఆ డబ్బు తిరిగి ఇచ్చే ఏర్పాటు ఫెడరల్ నిబంధనల ప్రకారం కంపెనీ చేయాలి. ఏం పాడైందో స్పష్టంగా చెప్పే మరమ్మతు బిల్లు, చెల్లించినట్టు రుజువు, అప్పట్లో బండి మీదేనన్న ఆధారం కావాలి. దరఖాస్తు గడువు రీకాల్ ఉత్తరంలోనే ఉంటుంది. ఇల్లు మారినవారికి ఆ ఉత్తరం పాత చిరునామాకు వెళ్ళి ఉండవచ్చు, డీలరును అడిగి మరో ప్రతి తెప్పించుకోండి. బిల్లులో ‘ఇంజన్ మార్పిడి’ అని మాత్రమే ఉంటే, ఆ గరాజుకు వెళ్ళి బేరింగు లేదా క్రాంక్‌షాఫ్ట్ దెబ్బతిన్న సంగతి రాతలో ఇమ్మని అడగండి.

ఇప్పుడు ఇదే బండిని సెకండ్‌హ్యాండ్‌లో చవకగా వస్తోందని చూస్తున్నవారికి ఒక మాట. రీకాల్ పని జరగని కొత్త వాహనాన్ని డీలరు అమ్మకూడదు గాని, పాత వాహనం విషయంలో ఫెడరల్ చట్టం అలాంటి నిషేధం పెట్టలేదు. కాబట్టి బేరం మొదలుపెట్టే ముందే విన్ కొట్టి చూడండి, రీకాల్ మరమ్మతు తాలూకు రిపేర్ ఆర్డరు ప్రతి అడగండి. ఆయిల్ పోసే చోట మూత మీద ఏ గ్రేడు రాసి ఉందో చూడండి. ఇంజన్ మార్చిన బండి అయితే, మార్చిన తేదీ, అప్పటి మైళ్ళు, కొత్త ఇంజన్‌కు వర్తించే వారంటీ కాగితం మీద ఉన్నాయో లేదో చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.